పరగడుపు తూకం

నాకు సంతకం ఒక్కటే వచ్చు. అది కూడా మిల్లు గుమస్తా ప్రతిసారీ నా బొటనవేలు చూసి వెక్కిరిస్తుంటే పంతం పట్టి నేర్చుకున్నాను. అందుకని నేను చెబుతుంటే మా వీధిలో ఉండే టీచరుగారు రాస్తున్నారు. కొన్ని మాటలు బాగు చేస్తానన్నారు, చేయనిచ్చాను. కొన్ని చేయనివ్వలేదు.

గుండె ఆపరేషన్ చేయించి పిల్లల్ని ఇంటికి తెచ్చుకున్న తల్లులు ఇంకా ఉంటారు. ఆసుపత్రిలో చెప్పిన మాట ఊళ్ళోకి వచ్చేసరికి ఏమవుతుందో వాళ్ళకి ఎవరైనా చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు. ఇందులో మంచి కబురు లేదు. అది కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆపేయవచ్చు, నేనేమీ అనుకోను.

మాది రామచంద్రపురం దగ్గర కాలవగట్టున ఉన్న ఊరు. మా ఆయన పచ్చకామెర్లతో పోయేనాటికి పిల్ల చంకలో ఉంది. నాగమణి దాని పేరు, మణి అని పిలిచేవాళ్ళం. ఇంట్లో నేను, మా అత్త, మణి. మా అత్తకి కూడా భర్త లేడు. నేను ఉప్పుడు బియ్యం మిల్లులో పని చేస్తాను. ఉడికిన ధాన్యాన్ని చప్టా మీద ఆరబోసి, కాళ్ళతో దున్నుతూ ఎండబెట్టడం. మణి చిన్నప్పటినుంచీ పాలు తాగుతూ రొప్పేది. నాలుగడుగులు వేసి కూర్చునేది. ఉబ్బసం అన్నారు, బాలగ్రహం అన్నారు, తాయెత్తు కట్టారు. గుండెలో చిల్లు అని తెలిసేసరికి దానికి ఏడో ఏడు వచ్చేసింది.

ఎనభై మూడు, మాఘమాసం

సామర్లకోటలో రైలెక్కి మద్రాసు వెళ్ళాం. నేను, మా తమ్ముడు, మణి. తమ్ముడు చేర్పించేసి, పని పోతుందని వెనక్కి వచ్చేశాడు. ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి బయట పొడుగాటి హాలు ఉండేది. బల్లలు, బల్లల కింద చాపలు, చాపల మీద మనుషులు. ఎవరి భాష వాళ్ళది. తలుపు తెరుచుకుంటే చాలు, అందరూ లేచి నిలబడతారు. తలుపు తెరిచినవాడు ఎవరి పేరు పిలుస్తాడో అని. పిలవకపోతే ఒక భయం, పిలిస్తే ఇంకో భయం.

మణి ఆపరేషన్‌కి వెళ్ళినరోజు నా పక్కన తణుకు నుంచి వచ్చిన ఆవిడ కూర్చుంది. వాళ్ళాయన చక్కెర ఫ్యాక్టరీలో పని చేస్తాడట. వాళ్ళబ్బాయికి ముందే ఆపరేషన్ అయింది, ఇంకా లోపలే ఉన్నాడు.

"ఏవండీ, పొద్దున్నించీ చూత్తున్నాను, మీ కంట్లో చుక్క లేదు. మీరు ఏడవరాండీ?" అంది.

"ఏడుత్తూ కూచుంటే పేరు పిలిచినప్పుడు వినపడదండి" అన్నాను.

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే ఏడిచింది. తను తెచ్చుకున్న పులిహోర నాకు సగం పెట్టింది.

మణిని చూడనిచ్చినరోజు, వేరే పిల్లని చూపిస్తున్నారేమో అనుకున్నాను. మొహం ఉబ్బిపోయి కళ్ళు గీతల్లా ఉన్నాయి. చేతులు, పాదాలు, అన్నీ పొంగిన పిండిలా ఉన్నాయి. మంచం పక్కన ఉచ్చ పట్టే సంచి ఒకటి వేలాడుతోంది. అందులో చుక్కలు పడితే నర్సమ్మ తలూపేది, పడకపోతే డాక్టరుగారిని పిలిచేది. గర్భగుడిలో దీపాన్ని చూసినట్టు ఆ సంచిని చూసేదాన్ని. నా బతుకులో ఎన్ని మొక్కులు మొక్కానో నాకే తెలియదు గానీ, పిల్లకి ఉచ్చ రావాలని మొక్కింది మాత్రం అక్కడే.

నెల్లూరు వైపు చిన్న డాక్టరుగారు ఒకాయన ఉండేవాడు. తెలుగులో చెప్పాడు. "చిల్లు పూడ్చాం అమ్మా. కానీ గుండె చాలా అలిసిపోయి ఉంది. ఒంట్లో నీటిని తోడి బయటికి పంపలేకపోతోంది. ఈ మాత్ర ఆ పని చేస్తుంది. మనం ఏం చేయాలంటే, కొత్తగా పోసే నీళ్ళు తగ్గించాలి."

నాకు వెంటనే అర్థమైంది. మా వైపు మురుగుకాలవ పూడుకుపోతే చేలో నీళ్ళు నిలబడిపోయి వరి కుళ్ళిపోతుంది. పైనుంచి కాలవ కట్టేయాలి, కిందనుంచి మురుగు తీయాలి. చేనంటే అది. నా పిల్ల కూడా అదే అయింది.

కానీ చేను దాహమని ఏడవదు. మణి ఏడిచేది. తడిగుడ్డ పెదాలమీద అద్దితే ఆ గుడ్డని పళ్ళతో పట్టుకుని వదిలేది కాదు.

ఒకరోజు తణుకు ఆవిడ భర్త వచ్చి చాప చుట్టుకున్నాడు. ఆవిడ నా దగ్గరకొచ్చి ఒక చిన్న దుప్పటి చేతిలో పెట్టింది. "మా వాడికని తెచ్చుకున్నామండి. మీ పాపకి రైల్లో చలేసుద్ది, ఉంచండి" అంది. పోయిన పిల్లవాడి దుప్పటి. మా అత్త పక్కన ఉంటే ముట్టుకోనిచ్చేది కాదు. నేను తీసుకుని కళ్ళకి అద్దుకున్నాను.

మమ్మల్ని పంపేముందు ఆ నెల్లూరు డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పాడు. ఉప్పు వద్దు. నీళ్ళు కొలిచి ఇవ్వాలి. మాత్ర మానకూడదు. రోజూ తెల్లవారగానే, ఉచ్చ పోసుకున్నాక, ఏమీ తినకముందు, ఒకే తక్కెడ మీద పిల్లని తూయాలి. "బరువు పెరిగితే సంతోషపడకమ్మా. అది కండ కాదు, నీరు. మొహంలో కనిపించకముందే తూకంలో కనిపిస్తుంది. వెంటనే కాకినాడ తీసుకెళ్ళు" అన్నాడు. నా చేత నాలుగుసార్లు తిరిగి చెప్పించుకున్నాడు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను.

చైత్రం, వైశాఖం

ఊళ్ళోకి రాగానే జనం. దాళవా కోతల రోజులైనా ఒక్కరు రాకుండా లేరు. అందరిదీ ఒకటే మాట.

"ఓయమ్మో, పిల్ల ఒళ్ళు చేసిందే! బుగ్గలు చూడండే, గారెల్లా ఉన్నాయి!"

"మద్రాసు నీళ్ళు పడ్డాయి మరి!"

మా అత్త మురిసిపోయి సాయంత్రం దిష్టి తీసింది. పుట్టినప్పటినుంచీ ఎముకలగూడులా ఉన్న పిల్ల, నిండుగా కనిపిస్తే ఎవరికి చేదు? ఒకళ్ళు కొబ్బరిబోండాం తెచ్చారు, ఒకళ్ళు మజ్జిగ, ఒకళ్ళు చెరుకురసం. వాటిని తోసేయడం నా పని. మా అత్త బార్లీ కాచి పెట్టింది. ఒంట్లో నీరు దిగాలంటే బార్లీ నీళ్ళు తాగించడం మా దగ్గర అందరికీ తెలిసిన వైద్యం. నేను గిన్నె తీసుకెళ్ళి పెరట్లో పారబోశాను.

"కన్నతల్లివా, కసాయిదానివా? పిల్ల నాలిక పిడచగట్టుకుపోతంటే పారబోత్తావా?" అంది.

"అది నీరు దించే నీరు కాదత్తా, నీరు పెంచే నీరు!"

"నా ముగ్గురు పిల్లల్ని నేను ఆ నీళ్ళతోనే పెంచేనే!"

"ముగ్గురిలో ఒక్కడే మిగిలేడు. ఆ ఒక్కడూ ఇప్పుడు లేడు" అన్నాను. అనకూడని మాట. ఆవిడ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మణితోనే మాట్లాడేది, నాకు వినపడేలా.

ఇక తూకం. మిల్లులో కాటా ఉంది గానీ అది బస్తాలు తూచేది, దానిమీద చిన్న తేడా తెలియదు. ఊళ్ళో సరైన తక్కెడ శెట్టిగారి కిరాణా కొట్లోనే ఉంది. దూలానికి వేలాడగట్టిన పెద్ద తక్కెడ. ఒక పళ్ళెంలో పిల్లని కూర్చోబెట్టి రెండో పళ్ళెంలో రాళ్ళు పెట్టవచ్చు.

"తూద్దాం లేవమ్మా, దాందేవుంది! పదింటికి తీసుకురా" అన్నాడు శెట్టిగారు.

"పదింటికి కాదండి. తెల్లారగానే, ఏవీ తినకముందు తూయాలంటండి."

ఆయన తక్కెడ గొలుసు సర్దాడు. లోపలినుంచి ఆయన తల్లి మాట్లాడింది. "బోణీ కాకుండా ఆ మనిషి గుమ్మం ఎక్కితే ఇంక ఆ రోజు కొట్టు తెరిచినట్టేరా నాయనా!"

"నువ్వూరుకోవే అమ్మా." తరవాత నావైపు తిరిగి మెల్లగా అన్నాడు. "చూడమ్మా, నీమీద నాకేం కోపం లేదు. తక్కెడ మీద పొద్దున్నే మొదట పడేది బేరం అవ్వాలి. ఊరికే తూకం పడకూడదు. పైగా నువ్వు... నీకు తెలియందేవుంది. బోణీ అయ్యేక రా, నేనే దగ్గరుండి తూత్తాను."

పిల్లని ఇంకెవరైనా తీసుకెళ్ళినా మొదటి తూకం ఊరికే పడకూడదు కదా. పైగా మణి నన్ను వదిలి ఎవరి చంకా ఎక్కేది కాదు. నాకు కోపం రాలేదు. అప్పుడు రాలేదు, ఇప్పుడు వస్తోంది. ఎవరైనా ఊరికి ప్రయాణమవుతుంటే నేను సందులో ఆగిపోయేదాన్ని. పెళ్ళివారి ఇంటి ముందునుంచి వెళ్ళవలసి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. బోణీ కాకుండా కొట్టెక్కకూడదన్నది నాకు ఎండ వేడి అన్నంత మామూలు సంగతి.

బోణీ ఎప్పుడవుతుందో శెట్టిగారి చేతిలో లేదు. ఒక్కోరోజు తొందరగా అయ్యేది, ఒక్కోరోజు ఎండెక్కేది. అప్పటిదాకా పిల్లని ఖాళీ కడుపుతో ఎలా ఉంచను? మాత్ర వేయాలి, మాత్ర వేయాలంటే గంజి తాగించాలి. గంజి తాగించి తీసుకెళ్ళేదాన్ని. మణి పళ్ళెంలో కూర్చుని గొలుసులు పట్టుకుని ఊయల ఊగేది. శెట్టిగారు రాళ్ళు పెట్టేవాడు. వారం తిరిగేసరికి ఒక చిన్న రాయి అదనంగా పడింది.

"పెరిగిందాండీ?" అన్నాను.

"గంజి తాగింది కదమ్మా. ఆ బరువే."

ఇంకో రాయి పడింది. అదీ గంజే. ఆ తరవాత రాయి పడినప్పుడు, "తిండి వంటబట్టిందమ్మా, ఇంక నీ పిల్లకి భయం లేదు" అన్నాడు. మనసారా అన్నాడు. ఇంటికెళ్ళి మా అత్తకి చెబితే ఆవిడ చాలా రోజుల తరవాత నాతో మాట్లాడింది. "నే చెప్పలా?" అంది. ముగ్గురం సంతోషపడ్డాం. ఎందుకు దాచాలి, నేనూ సంతోషపడ్డాను.

వైశాఖంలో మణి పడుకోలేకపోయింది. పడుకుంటే దగ్గు, లేపి కూర్చోబెడితే కాస్త ఊపిరి. దాని కాలిమీద బొటనవేలు నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. దాన్ని ఎత్తుకుని బస్సెక్కి కాకినాడ పరిగెత్తాను.

అక్కడ పిల్లల డాక్టరుగారు మెత్తటి మనిషి. సూది వేశారు, గాలి పెట్టారు. గండం గడిచాక నన్ను పిలిచి అడిగారు.

"రోజూ తూచావా అమ్మా?"

"తూచేనండి. ఒక్కరోజు మానలేదండి."

"పరగడుపునేనా?"

"బోణీ అయ్యేకండి."

ఆయన కలం కింద పెట్టారు. కోప్పడతారనుకుని తల వంచుకున్నాను. తరవాత అన్నారు: "నా పరీక్షల రోజున మా అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదమ్మా. నేను వీధి మలుపు తిరిగానని తెలిశాకే వచ్చి గుమ్మంలో నిలబడేది." కలం మళ్ళీ తీసుకుని, "పరగడుపున తూస్తే చాలా ముందే తెలిసేది" అన్నారు.

ఆషాఢం నుంచి కార్తీకం దాకా

ఈ సంగతి మా పక్కింటి మాణిక్యానికి చెప్పాను. కొబ్బరిచెట్లెక్కే సూరిబాబు పెళ్ళాం. గట్టిగా మాట్లాడుతుంది, ఎవరికీ జడవదు. అంతా విని, "ఓస్, ఇంతేనా! బోణీ కావాలంతేగా! అది నే చేత్తాను" అంది.

మర్నాడు తెల్లవారుతుంటే పసుపుకుంకాలతో, తలలో పువ్వుతో శెట్టిగారి కొట్టుముందు నిలబడింది. "శెట్టిగారండోయ్, పావలా పసుపివ్వండి!" ఆయన తూచి పొట్లం కట్టి ఇచ్చాడు. పావలా కళ్ళకి అద్దుకుని డబ్బాలో వేశాడు. మాణిక్యం మెట్లు దిగుతూ సందువైపు తిరిగి, "ఇంక రాయే!" అని కేకేసింది. నేను పిల్లని ఎత్తుకుని వెళ్ళాను. శెట్టిగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వాపుకున్నాడు. ఆయన తల్లి లోపలినుంచి ఏదో గొణిగింది గానీ, బోణీ అయిపోయిందాయె, ఏమనగలదు?

ఆరోజునుంచి అదే పద్ధతి. వాన కురిసినా గొనెసంచి నెత్తిన వేసుకుని మాణిక్యం వెళ్ళేది. వాళ్ళింట్లో ఎక్కడ చూసినా పసుపు పొట్లాలే. సూరిబాబు వీధరుగు మీద కూర్చుని గోల పెట్టేవాడు. "ఏవండీ, మీరే చెప్పండి! పప్పులో పసుపు, చారులో పసుపు, నిన్న మజ్జిగలో కూడా పసుపు! కొన్నాళ్ళకి నేను చెట్టెక్కితే పండిన బోండాం అనుకుని నన్నే కోసేత్తారు!"

"కోసేత్తే పీడా పోద్ది, దిగు!" అనేది మాణిక్యం.

మణి పగలబడి నవ్వేది. నవ్వితే ఆయాసం వచ్చేది, అయినా నవ్వేది.

ఒకసారి మాణిక్యానికి జ్వరం వచ్చి లేవలేదు. నేను సందులో నిలబడి చూస్తున్నాను, కొట్టుకి ఎవరూ రావడం లేదు. మణి ఆకలికి నా భుజం కొరుకుతోంది. అప్పుడు లోపలినుంచి ఆ ముసలావిడ గొంతే వినిపించింది. "ఏమే కోడలా, ఎంతసేపని నిలబెడతారే ఆ పిల్లని! పావలా తీసుకెళ్ళి మీ ఆయన దగ్గర నువ్వే పసుపు కొను!" శెట్టిగారి భార్య సిగ్గుపడుతూ వీధి గుమ్మంలోంచి వచ్చి, సొంత మొగుడి దగ్గర పసుపు కొనుక్కుంది. ఆ ముసలావిడా నాలాగే భర్త లేనిదే. ఎన్నేళ్ళనుంచో తన సొంత కొట్లోకి బోణీ కాకుండా రాని మనిషి. నాకు అది ఆరోజే తట్టింది.

ఆ నెలలు బాగున్నాయి. పరగడుపు తూకం అబద్ధం చెప్పదు. కొంచెం పెరగగానే శెట్టిగారే, "ఇవాళ మొగ్గిందమ్మా, బస్సెక్కేసెయ్" అనేవాడు. డాక్టరుగారు మాత్ర పెంచేవారు, నీరు దిగేది, మళ్ళీ వచ్చేవాళ్ళం. మణి కాళ్ళు మామూలు కాళ్ళయ్యాయి. బడికి పంపమని పోరు పెట్టేది. డాక్టరుగారు ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు.

దాహం మాత్రం తీరలేదు. మొహం కడుగుతుంటే నా దోసిట్లో నీళ్ళు గభాలున మింగేసేది. వాన పడితే చూరు కిందకి తీసుకెళ్ళమనేది. నేను తీసుకెళ్ళేదాన్ని కాదు. ఎటు చూసినా నీళ్ళున్న ఊళ్ళో, ఇంటిముందు కాలవ పారుతుంటే, గుక్కెడు నీళ్ళకి పిల్లని ఏడిపించిన తల్లిని నేను. మంచికే చేశాను. మంచికే చేశానని తెలిసినా గుండె ఊరుకోదు.

ఎనభై నాలుగు

పుష్యమాసంలో రాయి పడింది. మాత్ర పెంచారు. మళ్ళీ పడింది. ఇంకో రకం మాత్ర కూడా ఇచ్చారు. నీళ్ళు ఇంకా తగ్గించారు. చప్పిడి తిండికి పిల్ల నోరు తెరవడం మానేసింది. పిక్కలు పట్టేసి ఏడుస్తుంటే మా అత్తా నేనూ చెరొక కాలూ పట్టుకుని పిసికేవాళ్ళం. అప్పటికి మా పోట్లాటలు అయిపోయాయి. పోట్లాడుకోవడానికి కూడా కాస్త ఆశ ఉండాలి.

ముందు తప్పు తూకం తూచి మోసపోయామంటే అర్థముంది. ఇప్పుడు అంతా సరిగ్గానే చేస్తున్నాం. వేళకి బోణీ, పరగడుపు, ఒకే తక్కెడ, ఒకే రాళ్ళు. ముల్లు మీద చూపు నిలిపి శెట్టిగారు రాయి పెట్టేవాడు. మాణిక్యం మెట్లమీద నిలబడి చూసి వెళ్ళిపోయేది. తప్పు ఎక్కడుందో కనిపిస్తే దిద్దుకోవచ్చు. ఎక్కడా తప్పు లేకుండా మునిగిపోతుంటే ఏం పట్టుకోవాలి?

ఎండాకాలమంతా కాకినాడకీ ఇంటికీ మధ్యే గడిచింది. శ్రావణంలో మళ్ళీ మద్రాసు వెళ్ళాం. అదే హాలు, అవే బల్లలు, వేరే మనుషులు. నెల్లూరు డాక్టరుగారు అక్కడ లేడు. పెద్ద డాక్టరుగారు ఫోటోలు చూశారు, చెవిగొట్టం పెట్టి విన్నారు. చిన్నప్పుడే తేవలసిందన్నారు. చిల్లు ఉన్నన్నాళ్ళూ ఊపిరితిత్తులు పాడైపోయాయట. ఇక కోయడానికి ఏమీ లేదన్నారు. మళ్ళీ రమ్మనలేదు. ఎప్పుడు రావాలండీ అని అడిగితే, పక్కన కాయితాలు పట్టుకున్న అమ్మాయి, "కాకినాడలో చూపించుకోండి చాలు" అంది.

దసరా వెళ్ళాక

దసరా సెలవులయ్యాక మణిని కాకినాడ తీసుకెళ్ళాను. డాక్టరుగారు దాన్ని చూసి, బల్లమీదనుంచి దింపి, బయట ఆడుకోమని పంపించారు. అది బయటికి వెళ్ళలేదు, తలుపు దగ్గరే నిలబడింది.

"మాత్రలు మానొద్దు. ఆయాసం వస్తే తీసుకురా. కానీ ఇకనుంచి కొలతలు వద్దమ్మా" అన్నారు. "తూకం కూడా వద్దు. దాహం వేస్తే నీళ్ళివ్వు. ఏది అడిగితే అది పెట్టు."

ఏడాదిన్నరగా ఆ మాట కోసమే ఆయన కాళ్ళు పట్టుకుంటూనే ఉన్నాను. ఇంకొక్క గుక్క పెంచండి బాబూ, అరగ్లాసు పెంచండి బాబూ అని. ఎప్పుడూ పెంచలేదు. ఇప్పుడు నేను అడగకుండానే కాలవ తలుపులు పూర్తిగా ఎత్తేశారు. ఆయన నా మొహం చూడలేదు.

"చెప్పింది అర్థమయిందా అమ్మా?"

"అయ్యిందండి."

తలుపు దగ్గరనుంచి మణి అంది. "అమ్మా, నీళ్ళు తాగొచ్చా? అయితే నాకు తగ్గిపోయిందా?"

డాక్టరుగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేనే చెప్పవలసి వచ్చింది.

"తగ్గిపోయిందే తల్లీ."

బస్టాండులో గోలీసోడా కావాలంది. కొన్నాను. గోలీ లోపలికి పడి బుస్సుమంటే ఉలిక్కిపడి నవ్వింది. సీసా రెండు చేతులతో పట్టుకుని ఆపకుండా తాగింది. త్రేన్పు వచ్చింది. సోడా అమ్మే మనిషితో, "నాకు జబ్బు తగ్గిపోయిందండి, అందుకనే తాగుతున్నాను" అని చెప్పింది. ఆయన, "అయితే నిమ్మకాయ పిండి ఇంకోటి కొడతానుండు బుజ్జమ్మా!" అన్నాడు. దాని డబ్బులు తీసుకోలేదు. బస్సులో కండక్టరుకీ చెప్పింది, పక్కన కూర్చున్న ముసలాయనకీ చెప్పింది. అందరూ సంతోషించారు. నేను కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి వచ్చి మా అత్తతో, "నీళ్ళు ఎన్నయినా ఇవ్వమన్నారత్తా" అన్నాను. నీళ్ళివ్వమని నాతో అన్నాళ్ళు కొట్లాడిన మనిషి. కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చాక మొహం కడుక్కుని, కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచి మనవరాలి చేతికిచ్చింది. "తాగు నాయనా. బాగా తాగు" అంది.

మర్నాడు మాణిక్యం పసుపు కొని, సందువైపు చూసి కేకేసిందట. మేము వెళ్ళలేదు. సంగతి తెలిశాక వీధిలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. మణిని మాత్రం అందరూ పలకరించారు. "ఏమే, తగ్గిపోయిందంటగా!" అని శెట్టిగారు పటికబెల్లం పెట్టాడు. "ఇంక పరుగు పందెం పెడదాం నాతో!" అన్నాడు సూరిబాబు. ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే ఊరంతా ఒక మాట మీద నిలబడింది. ఆ ఊరే నన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు. ఆ ఊరే ఇదీ చేసింది. రెండూ చెప్పాలి.

మణి మార్గశిరంలో పోయింది. నా ఒళ్ళోనే, పొద్దుటిపూట.

ఇది వినే తల్లులకి ఒక్కటే చెబుతాను. ఆపరేషన్ అయిన పిల్లలకి నీరు దిగే మాత్ర ఇస్తే, పరగడుపునే తూయండి. గంజి తాగాక కాదు, ఎవరి వేళ కుదిరాక కాదు. ఎవరి గుమ్మం అడ్డమొస్తే ఆ గుమ్మం ఎక్కండి. పిల్ల బొద్దుగా ఉందని ఎవరైనా మెచ్చుకుంటే, కాలిమీద వేలు నొక్కి చూడండి. మా మణి ఆ మొదటి నెలలు సరిగ్గా తూచినా బతికేది కాదని డాక్టరుగారు అంటారు. నా ఓదార్పు కోసం అంటారో, నిజమే అంటారో నాకు తెలియదు. అడగను. కొందరు పిల్లలు బతుకుతున్నారు, కాకినాడలో నా కళ్ళతో చూశాను. మీ పిల్ల ఆ కొందరిలో ఉండవచ్చు. నేను మొక్కుతాను.

తగ్గిపోయిందన్నాక మణి బడికి వెళతానంది. పంపాను. పలకాబలపం పట్టుకుని చంకలో కూర్చుని వెళ్ళేది. కొన్నాళ్ళకి, "నాకు తగ్గిపోయింది కదా, ఇంకా మోత్తావేంటి? దింపు" అంది. దింపాను. సార్వా కోతలు అయిపోయి కోసిన చేలల్లోకి బాతుల్ని తోలుకొచ్చిన రోజులు. గట్టు మీద నాలుగడుగులు నడిచి కూర్చునేది. ఎదురొచ్చినవాళ్ళు, "ఏమ్మా, ఆయాసంగా ఉందా?" అంటే, "కాదండి, బాతుల్ని చూత్తన్నాను" అనేది. మళ్ళీ లేచి నాలుగడుగులు నడిచేది, మళ్ళీ కూర్చునేది. నేను వెనకాల ఆగేదాన్ని. ఆఖరిసారి బడికి బయలుదేరిన రోజు వంతెన దగ్గర అలాగే కూర్చుంది. బాతులవాళ్ళు కేకలేసుకుంటూ మందని పక్కచేలోకి తోలుకుపోయారు. చేను ఖాళీ అయింది. మణి ఇంకా అటే చూస్తూ కూర్చుంది. నేనూ వెళ్ళి దాని పక్కన కూర్చుని ఆ ఖాళీ చేను చూశాను.